అక్కి తగ్గాక మిగిలిన నొప్పికి విజయ తైలం వాడవచ్చా? అమెరికా గమ్మీల మాటేమిటి?

జేపీ నగర్ వాసి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మా అమ్మగారికి 68 ఏళ్ళు. నాన్నగారు పోయిన దగ్గరనుంచి బెంగళూరులో మా ఇంట్లోనే ఉంటున్నారు. కిందటి సంక్రాంతికి కదిరి దగ్గర మా ఊరికి వెళ్ళినప్పుడు ఆవిడకు కుడివైపు, వీపు నుంచి రొమ్ము కిందిదాకా పట్టీ వేసినట్టు పొక్కులు లేచాయి. మనవైపు దాన్ని అక్కి అంటారు, ఇక్కడ మా కన్నడ పొరుగువారు సర్పసుత్తు అన్నారు. ఊళ్ళో పెద్దవాళ్ళు కుమ్మరిని పిలిపించి జాజుతో అక్కి రాయించారు. ఆస్పత్రికి తీసుకువెళ్ళేసరికి ఆరు రోజులు గడిచాయి. వైరస్ మందును మొదటి మూడు రోజుల్లో మొదలుపెట్టి ఉంటే బాగుండేదని డాక్టరు గారు అన్నప్పుడు నాకు నోట మాట రాలేదు. పొక్కులు మూడు వారాల్లో మాడిపోయాయి కానీ నొప్పి తొమ్మిది నెలలుగా అలాగే ఉంది.

ఎప్పుడూ నిప్పు సెగ తగిలినట్టు ఉంటుందని, మధ్యమధ్య కరెంటు కొట్టినట్టు అవుతుందని ఆవిడ చెబుతారు. రవిక అంచు ఆ చోట ఒరుసుకోకుండా వేలు దూర్చి ఎత్తి పట్టుకునే ఇల్లంతా తిరుగుతారు. ఫ్యాను గాలి కూడా పడదు కాబట్టి మొన్న ఎండాకాలమంతా ఆవిడ గదిలో ఫ్యాను తిరగలేదు. నరాల నొప్పికి ఇచ్చే ప్రీగాబలిన్ 75 మిల్లీగ్రాముల మాత్ర రాత్రికి ఒకటి ఆరు నెలలుగా వేసుకుంటున్నారు. కాస్త మత్తు తప్ప పెద్ద గుణమేమీ కనిపించలేదు. నాలుగేళ్ళ కిందట గుండెకు స్టెంటు వేశారు కనుక క్లోపిడోగ్రెల్, బీపీ మాత్రలు కూడా నడుస్తున్నాయి.

ఇప్పుడు మా ముందు రెండు సలహాలున్నాయి. మా అపార్టుమెంటులో ఒకావిడ తన మోకాళ్ళ నొప్పికి విజయ తైలం వాడుతున్నారు, అది గంజాయి ఆకుతో చేసే ఆయుర్వేద మందే తప్ప చట్టవిరుద్ధం కాదని చెప్పి, మూత తీయని సీసా ఒకటి మా చేతిలో పెట్టి వెళ్ళారు. ఆవిడకు వీడియో కాల్‌లో అయిదు నిమిషాలు మాట్లాడి చీటీ రాసి ఇచ్చారట. రెండోది మా అన్నయ్య మాట. ఆయన కాలిఫోర్నియాలో ఉంటారు, అక్కడ దుకాణంలో గంజాయి సారం కలిపిన గమ్మీలు, అంటే జెల్లీ మిఠాయిల్లాంటివి, దొరుకుతాయి, డిసెంబరులో వచ్చేటప్పుడు ఒక డబ్బా తెస్తానంటున్నారు. అమ్మకు ఇంకా ఏమీ చెప్పలేదు. ఏజెన్సీలో గంజాయి బస్తాలు పట్టుకున్నారని టీవీలో చూసి తిట్టిపోసే మనిషి, ఆ పేరు వింటేనే ఏమంటారో!

ఈ నొప్పికి గంజాయి మందు నిజంగా పనిచేస్తుందా, గుండె మందులతో కలిపి వేయవచ్చా, చట్టం ఏమంటుంది అన్నవి నా ప్రశ్నలు. తెలిసినవారు దయచేసి వివరంగా రాయగలరు.

నొప్పి వైద్యుడు, బెంగళూరు:

నేను ఆపరేషన్లకు మత్తు ఇచ్చే వైద్యం చదివి, ఈ ఊళ్ళోనే నొప్పి చికిత్స చేస్తున్నవాణ్ణి. అమ్మగారిని చూడకుండా రాస్తున్నాను కనుక దీన్ని సమాచారంగానే తీసుకోండి.

చిన్నప్పుడు ఆటలమ్మగా వచ్చి తగ్గిన వైరస్ వెన్నెముక పక్కనున్న నరాల ముడుల్లో దశాబ్దాలపాటు దాక్కుని, వయసు మీదపడి ఒంట్లో శక్తి తగ్గినప్పుడు ఆ నరం వెంట పైకి వస్తుంది. అదే అక్కి. చర్మం మానినా, దెబ్బతిన్న నరం మానకపోతే అది తప్పుడు కబుర్లు పంపుతూనే ఉంటుంది. గుడ్డ తగిలినా గాలి తగిలినా మంట పుట్టడం ఈ నరాల నొప్పికి గుర్తు. మామూలు నొప్పి మాత్రలు దీనిమీద పెద్దగా పనిచేయవు.

గంజాయి సంగతికి వస్తే, ఆ ఆలోచన వట్టి పుకారు కాదు. మత్తునిచ్చే టీహెచ్‌సీని 1964లో ఇజ్రాయెల్‌లో రఫాయెల్ మెషూలం, యెహీల్ గావోని శుద్ధరూపంలో వేరుచేశారు. అది మెదడులోను, వెన్నుపాములోను ఉండే సీబీ1 అనే గ్రాహకాల మీద పనిచేస్తుందని తరువాత తేలింది. మన శరీరమే తయారుచేసుకునే అలాంటి పదార్థం ఒకటి 1992లో దొరికితే, దానికి మన ఆనంద శబ్దాన్నే తీసుకుని ఆనందమైడ్ అని పేరు పెట్టారు. నొప్పి కబురు నడిచే దారిలోనే ఈ గ్రాహకాలు ఉన్నాయి కాబట్టి, అక్కడ పనిచేసే పదార్థం నొప్పిని తగ్గించవచ్చుననుకోవడం సబబే.

అయితే రోగుల మీద పరీక్షించి చూసినప్పుడు ఫలితం అంత గొప్పగా లేదు. నరాల నొప్పి మీద 16 అధ్యయనాలను, అంటే సుమారు 1,750 మందిని, కలిపి కాక్రేన్ సంస్థ 2018లో పరిశీలించింది. నొప్పి సగమో అంతకు మించో తగ్గినవారు గంజాయి మందులు తీసుకున్న వందమందిలో 21 మంది కాగా, ఉత్తుత్తి మందు తీసుకున్న వందలో 17 మంది. దుష్ఫలితాలు తట్టుకోలేక మానేసినవారు ఇటు 10 మంది, అటు 5 మంది. ఆ అధ్యయనాలలో అతి దీర్ఘమైనది 26 వారాలే సాగింది. ఏళ్ళ తరబడి వాడితే ఏమవుతుందో వాటినిబట్టి చెప్పడం కుదరదు.

ఇదే సాక్ష్యాన్ని చూసి పెద్ద సంస్థలు వేర్వేరు మాటలు చెప్పాయి. అమెరికా జాతీయ అకాడమీలు 2017లో దీర్ఘకాలిక నొప్పికి ఇది పనిచేస్తుందనడానికి గట్టి ఆధారముందన్నాయి. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2019లో దీర్ఘకాలిక నొప్పికి టీహెచ్‌సీ మందులు ఇవ్వవద్దని, గంజాయిలోనే ఉండే, మత్తునివ్వని సీబీడీ అనే పదార్థాన్ని అధ్యయనంలో భాగంగా మాత్రమే ఇవ్వాలని చెప్పింది. నొప్పి అధ్యయనానికి ఏర్పడిన అంతర్జాతీయ సంఘం 2021లో తాము దీన్ని సమర్థించలేమంది. అదే ఏడు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన మార్గదర్శకం మాత్రం, మామూలు చికిత్స చాలనివారికి పొగ రూపంలో కాకుండా ఇచ్చి చూడవచ్చునని బలహీనమైన సిఫారసు చేసింది. దానికి ఆధారం 32 అధ్యయనాలు. పది సెంటీమీటర్ల నొప్పి గీత మీద కనీసం ఒక సెంటీమీటరు తగ్గినవారు, ఉత్తుత్తి మందుతో పోలిస్తే వందకు పదిమంది ఎక్కువ. మీకు వినిపించే పొగడ్త, తెగడ్త రెండూ ఈ చిన్న తేడా చుట్టూనే తిరుగుతున్నాయి.

ఇంకో సంగతి ఎక్కువమంది పట్టించుకోరు. ఆ అధ్యయనాలలో చాలావరకు వాడినవి మిల్లీగ్రాముల లెక్క కచ్చితంగా తెలిసిన స్ప్రేలు, మాత్రలు, కొలిచి ఇచ్చిన సారాలు. మీ పొరుగావిడ ఇచ్చిన సీసాలో చుక్కకు టీహెచ్‌సీ ఎంత, సీబీడీ ఎంత అన్నది తెలియకపోతే, పై అంకెలు మంచివైనా చెడ్డవైనా ఆ సీసాకు వర్తించవు.

మీ ఇంటికి సంబంధించి అన్నింటికన్నా ముఖ్యమైనది స్టెంటు. క్లోపిడోగ్రెల్ కడుపులోకి వెళ్ళగానే పనిచేసే మందు కాదు. కాలేయంలోని 2సీ19 అనే ఎంజైము దాన్ని మార్చాకే రక్తం గడ్డకట్టకుండా ఆపగలదు. సీబీడీ సరిగ్గా ఆ ఎంజైమునే అణచివేస్తుంది. అంటే నొప్పికని వేసిన చుక్కలు స్టెంటును కాపాడే మందును నీరుగార్చే ప్రమాదం ఉంది. టీహెచ్‌సీ గుండె వేగాన్ని పెంచుతుంది, లేచి నిలబడినప్పుడు బీపీ పడిపోయేలా చేస్తుంది. ప్రీగాబలిన్ మత్తు దానికి తోడైతే 68 ఏళ్ళ మనిషి రాత్రిపూట బాత్రూముకు వెళ్తూ పడిపోవడానికి ఎంతో సేపు పట్టదు.

ఒక మాట సూటిగా చెబుతాను. ప్రీగాబలిన్ రోజుకు 75 మిల్లీగ్రాముల దగ్గరే ఆరు నెలలు ఆగిపోతే, ఆ మందు పనిచేయలేదని తీర్పు చెప్పలేము. ఈ జబ్బు మీద జరిగిన అధ్యయనాలలో రోజుకు 150 నుంచి 600 దాకా వాడారు. పెద్దవయసువారికి మూత్రపిండాల పరీక్ష చేసి, వారం వారం కొద్దికొద్దిగా పెంచాలి. మీరుగా మాత్రం పెంచకండి. పైపూతగా, చర్మాన్ని మొద్దుబార్చే లిడోకెయిన్ పట్టీ ఉంది. పన్నెండు గంటలు అంటించి పన్నెండు గంటలు తీసేయాలి, రక్తంలోకి చేరేది చాలా తక్కువ కనుక గుండె మందులతో పేచీ పెద్దగా ఉండదు. అమిట్రిప్టిలిన్ మంచి మందే అయినా స్టెంటు ఉన్నవారికి ఈసీజీ చూడకుండా నేనైతే రాయను. ఇవన్నీ సక్రమంగా ప్రయత్నించి విఫలమైతే పక్కటెముకల నరానికి సూది మందు ఇచ్చే పద్ధతి ఉంది. గంజాయి గురించిన ఆలోచన ఆ తరువాతి మెట్టు.

హైకోర్టు వకీలు:

డాక్టరు గారు చెప్పినదాంట్లో తలదూర్చను, చట్టం మాట మాత్రం చెబుతాను. ముందుగా మీ అన్నయ్యగారికి ఫోను చేసి ఆ డబ్బా కొనవద్దని చెప్పండి.

మత్తుమందులను నియంత్రించే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం గంజాయి అనే మాటకు పూత లేదా కాయ పట్టిన కొమ్మల చివళ్ళు అని అర్థం చెప్పింది. ఆ చివళ్ళతో కలిసి లేని ఆకును, గింజలను ఆ నిర్వచనం నుంచి మినహాయించింది. జిగురు, దాన్ని చిక్కబరిచిన నూనె చరస్ కిందికి వస్తాయి. ఈ గంజాయి, చరస్‌ల నుంచి తీసిన సారం, టించరు ఏదైనా సరే, చట్టం దాన్ని ‘మెడిసినల్ కానబిస్’ అనే పేరుతోనే తయారీ మత్తుమందుల వరుసలో చేర్చింది. ‘మెడికల్’ అని అచ్చు వేసిన డబ్బా చూసి ధైర్యపడేవారు ఈ సంగతి గమనించాలి. మన చట్టంలో ఆ మాట అనుమతి కాదు, నిషేధిత పదార్థపు పేరు.

గమ్మీలు ఆకుతో చేసినవి కావు, అలాంటి సారంతో చేసినవి. వాటిని విమానాశ్రయం గుండా తేవడం దిగుమతి నేరమే, కాలిఫోర్నియా దుకాణం రసీదు గాని అక్కడి డాక్టరు చీటీ గాని ఇక్కడ చెల్లవు. స్వల్ప పరిమాణమైనా ఏడాదిదాకా కఠిన కారాగారం, లేదా పదివేల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. పైగా మత్తుపదార్థం వేరే పదార్థంతో కలిసి ఉన్నప్పుడు మొత్తం మిశ్రమం బరువునే లెక్కలోకి తీసుకోవాలని సుప్రీంకోర్టు 2020లో హీరా సింగ్ కేసులో చెప్పింది. అంటే అందులోని పంచదార, జిలాటిన్ బరువు కూడా మీ అన్నయ్యగారి ఖాతాలోనే పడే వాదన వస్తుంది. అందులో ఉన్న టీహెచ్‌సీ పది మిల్లీగ్రాములే కదా అనుకోవడానికి లేదు.

విజయ తైలం సంగతి వేరు. ఆకుకు కేంద్ర చట్టంలో మినహాయింపు ఉంది. ఔషధ నియమాలలో ఆయుర్వేద విషద్రవ్యాల జాబితా అయిన ఈ(1) షెడ్యూలులో భంగ, అంటే గంజాయి ఆకు, పేరు ఉంది కనుక, రాష్ట్ర ఆయుష్ లైసెన్సు తీసుకుని, వైద్యుని పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరికను సీసా మీద అచ్చువేసి అమ్ముకోవచ్చు. మన కర్ణాటక హైకోర్టు కూడా 2022లో ఒక బెయిలు కేసులో భంగు ఆ చట్టం కింద నిషిద్ధం కాదని చెప్పింది. కానీ ఈ కట్టడమంతా ‘ఇది ఆకే’ అన్న ఒక్క మాట మీద నిలబడి ఉంది. అందులో పూత చేరిందని ప్రయోగశాల తేలిస్తే సీసా మీది ఏ అక్షరమూ కాపాడదు. కనుక కొన్న రసీదును, వైద్యుడి చీటీని సీసాతోపాటే ఉంచుకోవాలి. వేరొకరి పేరున రాసిన సీసా మీ ఇంట్లో ఉండటం నాకు ఎంతమాత్రమూ నచ్చలేదు.

మారతహళ్ళి మాస్టారు:

నేను రిటైరైన లెక్కల మాస్టారిని. నడుముకు ఆపరేషను అయినా ఎడమకాలి నొప్పి తగ్గక, మా అబ్బాయి బలవంతం మీద ఎనిమిది నెలలు ఇదే రకం తైలం వాడాను. నాలుక కింద చుక్కలు వేసుకుని మింగకుండా రెండు నిమిషాలు ఉంచుకోవాలి. పచ్చిగడ్డి నమిలినట్టు, చివర కాస్త చేదుగా ఉండేది. నెలకు నాలుగువేలకు పైగానే అయ్యేది.

అలవాటు కొద్దీ గళ్ళ నోటుపుస్తకంలో రోజూ రాత్రి నొప్పికి పదికి ఎన్ని మార్కులో రాసుకున్నాను. మొదలుపెట్టే ముందు నెల సగటు ఏడు, నాలుగో నెల సగటు ఆరుకు కాస్త పైన. డాక్టరు గారు చెప్పిన ఒక్క సెంటీమీటరూ నా పుస్తకంలోనూ దాదాపు అంతే ఉండటం చూసి నవ్వొచ్చింది. అయితే ఆ ఒక్క మార్కును తీసిపారేయవద్దని మనవి. నొప్పి ఉన్నా దాన్ని పక్కన పెట్టి అయిదు గంటలు నిద్రపోగలిగాను, అంతకుముందు రెండు గంటలకోసారి లేచేవాణ్ణి. తగ్గింది నొప్పా, లేక మెలకువా అన్నది ఇప్పటికీ చెప్పలేను.

మానేసిన కారణం వేరు. అయిదో నెలలో కొత్త సీసా వచ్చింది. అదే పేరు, అదే రంగు, అవే ఆరు చుక్కలు. గంట తరువాత మంచం దిగితే నేల ఊగింది, గోడ పట్టుకుని అక్కడే కూలబడ్డాను. మా ఆవిడ అన్నం తిన్నారా అని అడిగితే తిన్నానో లేదో చెప్పలేకపోయాను. ఒక సీసాకూ మరో సీసాకూ బలం ఒకటి కాదని అప్పుడు అర్థమైంది. తయారీదారుకు ఫోను చేస్తే చుక్కలు తగ్గించి చూడమన్నారు, ఎంతకు తగ్గించాలో వారికీ తెలియదు. నాలుగు చుక్కలతో మరో మూడు నెలలు భయపడుతూ గడిపి ఆపేశాను. నాకు స్టెంటు లేదు, అయినా ఆ రాత్రి భయం వేసింది.

ఆయుర్వేద వైద్యురాలు:

విజయ మా శాస్త్రానికి కొత్త కాదు, జాతీఫలాది చూర్ణంలో భంగ ఆకు ఉండనే ఉంది. కానీ ఆకును శోధన, అంటే శుద్ధి, చేయకుండా వాడరు, గ్రహణి అనే జీర్ణ సమస్య, ఆకలి లేమి, నిద్రలేమి వంటివాటికి ఇతర ద్రవ్యాలతో కలిపి కొద్ది మోతాదులో ఇస్తారు. సారాన్ని నూనెలో కలిపి, నాలుక కింద నెలల తరబడి చుక్కలు వేయడం ఈ కాలపు పద్ధతి. దాన్ని వేల ఏళ్ళ సంప్రదాయమని ప్రకటించుకోవడం నాకు సమ్మతం కాదు. నాడి చూడకుండా, గుండె మందుల పట్టిక అడగకుండా వీడియోలో అయిదు నిమిషాలకు చీటీ రాయడం కూడా మా వైద్యం కాదు.

జేపీ నగర్ వాసి (ప్రశ్న అడిగినవారు), మూడు వారాల తరువాత:

అందరికీ కృతజ్ఞతలు. వకీలు గారి సమాధానాన్ని ఉన్నదున్నట్టు అన్నయ్యకు పంపించాను. ఆయన ముందు నవ్వి, తరువాత జిలాటిన్ బరువు సంగతి రెండుసార్లు అడిగి, గమ్మీల మాట మానేశారు.

సీసా మీద చుక్కకు ఎంత టీహెచ్‌సీ అన్నది లేదు, విజయ పత్ర సారం ఇన్ని మిల్లీగ్రాములని మాత్రమే ఉంది. పరీక్ష నివేదిక కావాలని తయారీదారుకు మెయిలు రాస్తే రెండు రోజుల్లోనే పంపారు, సంతోషించాను. తీరా సీసా అడుగున అచ్చైన బ్యాచ్ నంబరుతో పోల్చి చూస్తే నివేదిక మీద ఉన్నది వేరే నంబరు. మళ్ళీ రాశాను, ఇంతవరకు జవాబు లేదు.

అమ్మను నొప్పి క్లినిక్కుకు తీసుకువెళ్ళాము. మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చూసి, ప్రీగాబలిన్‌ను ఉదయం, రాత్రి రెండు పూటలకు మార్చారు, లిడోకెయిన్ పట్టీ రాశారు. పట్టీ అంటించడానికి మొదటిరోజు అమ్మ ఒప్పుకోలేదు, ముట్టుకుంటేనే మంట అయితే అంటిస్తారా అని. అంటించిన తరువాత రవిక ఆ పట్టీ మీద ఒరుసుకుంటోంది కనుక చర్మానికి తగలడం లేదని ఆవిడే కనిపెట్టారు. ఎనిమిది అనే నొప్పిని ఇప్పుడు ఆరు అంటున్నారు, పగటిపూట మగత మాత్రం ఉంది. డాక్టరు గారికి ఒక ప్రశ్న: ఆ నివేదిక మరో బ్యాచ్‌దైనా, అదే కంపెనీ సరుకు కాబట్టి స్థూలంగానైనా నమ్మవచ్చా?

నొప్పి వైద్యుడు, బెంగళూరు:

నమ్మకూడదు. మాస్టారు గారి అయిదో నెల సీసాను గుర్తుచేసుకోండి. ఆకులో టీహెచ్‌సీ మొక్కను బట్టి, కోసిన కాలాన్ని బట్టి మారుతుంది కనుకనే ప్రతి బ్యాచ్‌కూ విడిగా పరీక్ష ఉండాలి. వేరే నంబరున్న నివేదిక మీ సీసా గురించి ఏమీ చెప్పదు. పగటి మగత తగ్గకపోతే మాత్రల వేళలు మార్చవచ్చు, తరువాతిసారి వెళ్ళినప్పుడు అడగండి. ఈలోగా రాత్రి బాత్రూములో దీపం ఆర్పకుండా ఉంచండి.

జేపీ నగర్ వాసి:

అలాగేనండి. సీసాను ఈ సాయంత్రమే మూత తీయకుండా పొరుగావిడకు తిరిగి ఇచ్చేశాను. ఆవిడ కూడా తన సీసా తెచ్చి అడుగున నంబరు చదవమన్నారు. రెండు సీసాలవీ రెండు వేర్వేరు నంబర్లు, మాకు వచ్చిన నివేదిక ఆ రెండింటిదీ కాదు.